పడని బోరు గురించి కూడా రాయమన్న మా మరిది

మా మరిది పోయాడన్న సంగతి నాకు మేడమెట్ల మీంచి వచ్చింది. నేను కింద వరండాలో విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తూ, పుచ్చులు ఏరి పారేస్తూ, ఈసారైనా వాన అదనుకు పడుతుందో లేదో అని దిగులు పడుతూ కూర్చున్నాను. పైనుంచి మా తోడికోడలు, "అక్కా, ఒకసారి పైకి రా" అంది. గొంతు పెంచలేదు. కేక వేసి ఉంటే అంత భయపడేదాన్ని కాదు. పోయి చూస్తే రోజూ కూర్చునే కుర్చీలోనే ఉన్నాడు. ముందర కంప్యూటరు వెలుగుతూనే ఉంది. కళ్లద్దాలు తీసి పక్కన పెట్టుకొని, కాసేపు కళ్లు మూసుకుందామని కూర్చున్నవాడిలాగే ఉన్నాడు. డాక్టరు వచ్చి, గుండె ఆగిపోయిందని చెప్పి వెళ్లాడు.

నేను దేనికైనా ముందే భయపడే మనిషిని. బస్సు ఆలస్యమైతే ఒక భయం, ముందే వచ్చేస్తే ఇంకో భయం. పొయ్యి ఆర్పానా లేదా అని పొలం దగ్గర్నుంచి వెనక్కి నడిచి వచ్చిన రోజులున్నాయి. ఇన్నింటికి భయపడ్డాను గానీ వాడు నాకంటే ముందు పోతాడని మాత్రం ఎప్పుడూ భయపడలేదు. అది నా లెక్కలోకే రాలేదు.

పలకరించడానికి వచ్చిన వాళ్లు చాలామంది, "ఆయప్ప ఏం పని చేస్తాండె?" అని అడిగారు. మేడమీద కంప్యూటరు ముందర కూర్చుంటాడని అందరికీ తెలుసు, అంతవరకే. ఆ పని గురించి, ఆ పనిని వాడు ఎట్లా చేశాడన్న దాని గురించి నాకు తెలిసినంత రాస్తున్నాను. నేను మా పుట్టినూరి బళ్లో అయిదో తరగతితో ఆపేసినదాన్ని. తప్పులుంటే సర్దుకొని చదువుకోండి.

నేను కాపురానికి వచ్చేటప్పటికి వాడు బడికి పోయే పిల్లవాడు. తరవాత బెంగళూరుకు పోయి ఒక ఆఫీసులో చాలా ఏళ్లు పని చేసి, పెళ్లాంతో ఊరికి తిరిగి వచ్చి, మా ఇంటిమీద గది వేసుకొని అదే పని ఇక్కడ మొదలుపెట్టాడు. పొద్దున్నించి సాయంత్రం దాకా తలుపేసుకొని ఏం చేస్తాడో తెలియక, పోలీసులు వచ్చే పనేమో అని నాకు బెంగ. ఒకరోజు కాఫీ ఇస్తూ అడిగేశాను.

"ఒరే, నువ్వు చేసేది మంచి పనేనా?"

వాడు నవ్వాడు. "ఎవరన్నా ఫోన్లో చీరలంగడి యాడుండాది అని అడిగితే, ఫోను ఒక వరస చూపిస్తాది కదా వదినా. ఆ వరసలో మనకు దుడ్లిచ్చినోళ్ల అంగడి పైకొచ్చేట్ల చేసే పని. ఎస్‌ఈవో అంటారు."

"అంటే కిందుండేదాన్ని పైకి లాగేదా? అది దొంగతనం కాదూ?"

"సంతలో కేకేసేవాడు లేడా? అదే. కేక నాది, సరుకు వాళ్లది. సరుకు చూడకుండా కేకేస్తే రేపట్నించి నా గొంతు ఎవరూ వినరు."

ఈ మాట వాడు ఊరికే అనలేదు. ఎవరైనా పని ఇస్తామని ఫోను చేస్తే, ముందు వాళ్ల అంగడికి పోయి వచ్చేవాడు. కూర్చుని, కొనేవాళ్లను చూసి, తనూ ఒకటి కొనుక్కొని వచ్చేవాడు. పామిడిలో నైటీలు కుట్టించి అమ్మే ఆయన ఒకరు, తన అంగడి గురించి రంగు పోని నైటీలు అని రాయమన్నాడట. మరిది నాకొకటి, మా తోడికోడలికి ఒకటి తెచ్చాడు. "తొడుక్కోవద్దండి, ముందు ఉతకండి" అన్నాడు. ఉతికాము. మా ఇంటాయన తెల్ల బనియన్లు అదే బకెట్లో ఉన్నాయని ఎవరమూ చూసుకోలేదు. ఆ వారమంతా మా ఇంటాయన గులాబీ రంగు బనియను మీద చొక్కా గుండీలన్నీ బిగించుకొని తిరిగాడు.

మరిది మా ముందరే పామిడికి ఫోను చేశాడు. "రంగు పోదని రాయలేనన్నా. మెత్తగా ఉంటాది, గాలి ఆడతాది అని రాస్తా. అది నిజమే." అవతల ఆయన ఏమన్నాడో గానీ, వీడు మాత్రం, "మా అన్న బనియను పంపిస్తా, చూసుకో" అన్నాడు.

పక్క అంగడి మీద చెడ్డగా రాయమని అడిగేవాళ్లు కూడా ఉండేవారట. అట్లాంటి వాళ్లకు రెండో మాట లేకుండా ఫోను పెట్టేసేవాడు. చేస్తే ఏమవుతుందని నేను అడిగితే, "ఈ పనిలో నాకుండేది పేరొక్కటే వదినా. ఆ గది, ఆ కంప్యూటరు ఎవరికైనా ఉంటాయి" అన్నాడు.

ఆ పేరుకే ముప్పు వచ్చిన సంగతి ఇక చెబుతాను.

మిషను పెట్టి బోర్లకు పాయింటు, అంటే నేలలో నీళ్లుండే చోటు, చూసే ఒకాయన మరిదిని వెతుక్కుంటూ వచ్చాడు. మేమంతా పాయింటాయన అనే వాళ్లం. మా సీమలో బోరంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. ఎవరైనా ఫోన్లో బోరు పాయింటు అని వెతికితే తన పేరు మొదట రావాలన్నాడు. మరిది ఎప్పటిలాగే ఆయన వెంట పోయి, ఆయన పాయింటు పెట్టిన పొలాలు చూసి వచ్చాడు. పోయిన చోటల్లా నీళ్లు పారుతున్నాయి. సరేనని పని ఒప్పుకున్నాడు. కొన్నాళ్లకే పాయింటాయన పేరు వరసలో అన్నిటికంటే పైకి వచ్చింది. కొత్తగా అడిగే వాళ్ల ఫోన్లు ముందు మరిదికే వచ్చేవి, వాడు వివరం కనుక్కొని ఆయనకు చెప్పేవాడు.

ఇక్కడే వాడు ఒక తప్పు చేశాడు. వాడే ఒప్పుకున్నాడు. పాయింటాయన చూపించిన పొలాలే చూశాడు గానీ, చూపించని పొలాలు ఎక్కడున్నాయని అడగలేదు. అడిగినా చెప్పేవాళ్లు ఉండరనుకోండి. మా వైపు పడని బోరు గురించి ఎవరూ నోరు తెరవరు. బోరు బండి వచ్చే ముందు టెంకాయ కొట్టి కర్పూరం వెలిగించేటప్పుడు "పడకపోతే" అన్న మాట పిల్లలు అన్నా నోటిమీద కొడతారు. నీళ్లు పడకపోతే దానిమీద బండ పెట్టి, దాని గురించి మాట్లాడడం మానేస్తారు. ఇంట్లో చావు గురించైనా మాట్లాడతారు గానీ దాని గురించి మాట్లాడరు. అందుకే ఫోన్లో పాయింటాయన పేరు కింద బాగుందనో బాలేదనో రాసేవాళ్లంతా నీళ్లు పడిన వాళ్లే.

ఒకరోజు కుందుర్పి వైపు నుంచి ఒక రైతు మరిదికి ఫోను చేసి, "నీ మాట చూసి వేయిస్తినప్పా. ఒకసారి వచ్చి చూసిపో" అన్నాడు. కోపంగా అనలేదట. అందుకే వీడికి నిద్ర పట్టలేదు. మా పుట్టిల్లు ఆ పక్కనే. "నువ్వూ రా వదినా. ఆడ అందరూ నీకు తెలిసినోళ్లే. నువ్వుంటే నన్ను కొట్టరు" అన్నాడు. వాడు నవ్వులాటకే అన్నాడు గానీ, బస్సు దిగేదాకా నేను దేవుళ్లందరికీ మొక్కుతూనే ఉన్నాను.

పొలంలో రెండు చోట్ల బోరు వేసిన గుర్తులున్నాయి. లోపల్నించి వచ్చిన రాతిపొడి తెల్లగా కుప్పపడి, పక్కనున్న కంది చెట్ల ఆకులన్నీ పిండి చల్లినట్టున్నాయి. తడి అన్నది ఎక్కడా లేదు. రైతు పెళ్లాం మాకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

"ఫోన్లో మాట్లాడింది నువ్వేనా?" అన్నాడు రైతు.

"నేనేనన్నా."

"కొట్టేదానికి పిలవలేదులే, కూర్చో. మొదటిది పడలే. సరే, పోనీ అనుకుంటి. అయితే మా పాప ఫోన్లో సదివి సెప్పె. ఇంతమందికి పడినాయి నాయనా, ఒక్కరు కూడా పడలేదని రాయలే అనె. అంతమందికి పడి నా ఒక్కనికే పడలేదంటే ఆయప్ప తప్పు కాదు, నేను చూపించిన జాగాదే తప్పనుకుంటి. ఇంకో జాగా చూపిస్తి. అదీ ఇట్లే పాయె." రాతిపొడి కుప్ప వైపు చెయ్యి చూపించాడు. "ఒక్కరన్నా పడలేదని రాసింటే ఆ రెండోది వేయకపోతును."

"పడనోళ్లు ఉంటారు కదన్నా."

"ఉంటారని నాకు తెలీదా? నేనూ ఈ నేల మీద పుట్టినోన్నే. కనపడలే. కనపడకపోతే లేరనుకుంటాం."

మరిది గ్లాసు కింద పెట్టాడు. "అట్లయితే నువ్వు రాస్తావా అన్నా, పడలేదని?"

రైతు పెళ్లాం వైపు చూశాడు. ఆమె, "బాగుండాదే. ఇప్పటికే వీధిలో తల ఎత్తుకోలేకుండా ఉండాము. ఊరంతా సదివే చోట కూడా పెట్టుకోవాల్నా?" అంది. ఆమెను తప్పు పట్టలేను. ఆమె చోట నేనున్నా అదే మాట అనేదాన్ని.

 ఇంటికి వచ్చి మరిది పాయింటాయన పేజీలో జనం రాసిన మెప్పులన్నీ ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాడు. కాసేపటికి నన్ను పిలిచి ఒకటి చదివి వినిపించాడు. "నీళ్లు రుచిగా ఉన్నాయి, సిబ్బంది మర్యాదగా ఉన్నారు, కుటుంబంతో రావచ్చు" అని ఉంది.

"బోరు పాయింటాయనకు సిబ్బంది యాడుండారు వదినా? వీడెవడో హోటళ్లకు మెప్పులు రాసేవాడు. ఒకే మెప్పు నాలుగు చోట్ల అమ్ముకుంటాండాడు."

పాయింటాయన తనే ఎవరికో దుడ్లిచ్చి రాయించాడని తేలింది. మరిది ఆయన్ను పిలిపించాడు. నేను కాఫీ తీసుకొని పైకి పోయి, గొడవ అవుతుందేమో అని తలుపు దగ్గరే నిలబడిపోయాను.

మరిది మెల్లగానే చెప్పాడు. "ఈ దొంగ మెప్పులు తీసేయన్నా. పడిన బోర్లతో పాటు పడనివి కూడా పెడదాం. అప్పుడు కూడా నిన్నే పైన ఉంచుతా."

"నీకేమన్నా పిచ్చి పట్టిందా? పడని బోర్లు చెప్పుకునేవాడు ఈ జిల్లాలో యాడన్నా ఉండాడా?"

"నువ్వే మొదటోడివవుతావు."

"నేల లోపల నేను దూరి చూసినానా అప్పా? మిషను చూపిస్తాది, నేను చెప్తా. అంతవరకే నా పని."

"ఆ మాటే రాద్దాం. అంతకంటే మంచి మాట ఏముండాది?"

పాయింటాయన కాఫీ తాగకుండా లేచాడు. "నేను నీకు పని ఇచ్చినోన్ని. నాకే నీతులు చెప్తావా? నీ పేరు పామిడిలో, కదిరిలో ఎట్ల చెడగొడతానో చూడు" అని మెట్లు దిగిపోయాడు.

ఆ సాయంత్రం మా తోడికోడలు వాడితో అంది. "ఏమయ్యా, ఆయన పేజీ తాళాలన్నీ నీ చేతిలోనే ఉండాయి కదా. కిందికి తోసేస్తే పోలేదా?"

"నమ్మి తాళం చెవి ఇచ్చినాడు. దాంతోనే ఆయన ఇంట్లో దూరి సామాన్లు పగలగొడితే, ఇంకెవరన్నా నాకు తాళం ఇస్తారా?" అన్నాడు. పాస్‌వర్డులన్నీ తిరిగి పంపించేశాడు. ఒక్కటీ తన దగ్గర పెట్టుకోలేదు. ఆ తరవాత, అందరూ రాసే చోటనే, అందరిలాగే, తన పేరుతో, తన ఫోటోతో రాశాడు. ఈ పేజీని పైకి తెచ్చింది తానేనని, తాను చూసినవి నీళ్లు పడిన పొలాలు మాత్రమేనని, తరవాత కుందుర్పి వైపు ఒకే పొలంలో పడని బోర్లు రెండు కళ్లారా చూశానని, పడని వాళ్లు కూడా రాస్తే తరవాతి వాళ్లకు మేలని రాశాడు. రైతు పేరు రాయలేదు. రాసే ముందు పాయింటాయనకు ఫోను చేసి, "ఇదీ నేను రాసేది" అని చదివి వినిపించాడు కూడా.

పాయింటాయన అన్నంత పనీ చేశాడు. తనకు పని ఇచ్చిన వాళ్ల మీదే చెడ్డగా రాసే మనిషని అంగడి అంగడికీ తిరిగి చెప్పాడు. అది వినడానికి నిజం లాగానే ఉంటుంది కదా. ఒక్కొక్కరే పని ఆపేశారు. ఆ ఎండాకాలం మేడమీద ఫోను మోగడం తగ్గిపోయింది. మా తోడికోడలు పామిడి నుంచి గుడ్డలు తెచ్చుకొని అంచులు కుట్టడం మొదలుపెట్టింది. నాకు అన్నం సహించేది కాదు. ఒకరోజు మేడమీదికి పోయి బతిమాలాను.

"ఆ ఒక్క మాట తుడిచేయరా నాయనా. తుడిచే ఉపాయం ఉంటుంది కదా?"

"ఉండాది వదినా. తుడిచే బటను ఆ మాటల పక్కనే ఉండాది. వేలు పెడితే చాలు, ఎప్పుడూ రాయనట్టే. అంత సులభంగా ఉండాదనే నాకు భయం."

వాడు భయమన్న మాట అనడం నేను వినడం అదే మొదటిసారి. ఇంక అడగలేదు.

ముందుగా తిరిగి వచ్చింది పామిడి నైటీల ఆయన. కింద వరండాలో కూర్చుని గట్టిగా చెప్పాడు. "ఆ పాయింటాయప్ప వచ్చి నీ గురించి అన్నీ చెప్పినాడప్పా. నేనన్నా కదా, రంగు పోతాదని నా మొగం మీదే చెప్పినోడు ఇంకొకర్ని మాత్రం ఎందుకు వదుల్తాడు అని. నీ దగ్గర రాయించుకుంటే జనం నమ్ముతారు. ఇప్పుడు రంగు కూడా పోదులే, ఉతికి చూడు." మా ఇంటాయన గబగబా లోపలికి పోయి బనియన్లు తీసి దాచుకున్నాడు.

ఆ తరవాత ఒక పొద్దున మరిది ఫోను పట్టుకొని మెట్లు దిగి వచ్చి నా చేతికిచ్చాడు. వాడు రాసిన దాని కింద కుందుర్పి రైతు రాసింది ఉంది. ఊరి పేరు, తన పేరు పెట్టి, "మాకు రెండు పడలేదు" అని, అంతే. నేను కూడబలుక్కొని చదివాను. వాడు నా ముందర నేల మీద కూర్చున్నాడు. "వాళ్లింట్లో ఆయమ్మ ఒప్పుకునుండాల" అన్నాడు.

ఆ రైతు రాశాక మిగతా వాళ్లకు నోరు వచ్చింది. మాకు పడలేదని ఒకరు, మాకు రెండించుల నీళ్లు పడినాయని ఒకరు, మొదట పడి వేసవిలో ఎండిపోయిందని ఇంకొకరు. పాయింటాయనతో మాత్రం మళ్లీ మాటలు కలవలేదు. కలవాలని వాడు ఎదురు చూసినట్టు కూడా నాకు అనిపించలేదు. వాడి చావుకు ఆయన వచ్చాడు. వాకిట్లో చెప్పులు విడిచి, పూలు వేసి వెళ్లిపోయాడు.

నెల మాసికం అయిన తరవాత మా చీనీ చెట్లు, అంటే బత్తాయి చెట్లు, ఆకు ముడుచుకోవడం మొదలైంది. పాత బోరు నీళ్లకు బదులు గాలి కొడుతోంది. మా ఇంటాయన పాయింటాయన్నే పిలుస్తానన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఇంకెవరూ దొరకలేదా?"

"ఫోన్లో చూస్తి. మిగిలినోళ్లకంతా ఏసిన బోర్లన్నీ పడినాయంట. నమ్మేదెట్ల? ఈయప్ప ఒక్కని గురించే మంచీ చెడ్డా రెండూ రాసుండారు" అన్నాడు.

పాయింటాయన వచ్చాడు. మిషను పెట్టి, పొలమంతా నడిచి, ఒకచోట సున్నంతో గుర్తు వేశాడు. వేసి, నిలబడి, "పడొచ్చన్నా, పడకపోవచ్చు. ఈ పక్క నావి పడనివి కూడా ఉండాయి. ఇంకోసారి ఆలోచన చేసుకోండి" అన్నాడు. టెంకాయ చేతిలో పట్టుకొని నేను ఉలిక్కిపడ్డాను. గుర్తు వేసిన చోట ఆ మాట అన్న మనిషిని నా జన్మలో చూడలేదు.

పడలేదు. బోరు బండి పోయాక మా ఇంటాయన బండ దొర్లించి దానిమీద పెట్టాడు. ఇంటికి వస్తూ, "ఎవరికీ చెప్పాకు" అన్నాడు. చెట్ల గురించి, వచ్చే వేసవి గురించి, ఆయన మొహం గురించి నాకు బెంగే. అయినా ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కొని నేరుగా పైకి పోయి, మా తోడికోడలిని ఆ పేజీ నా ఫోన్లో తీసిపెట్టమన్నాను. ఆమె తీసిపెట్టి, నా పక్కన కూర్చుంది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాను. మా చేన్లో బోరు పడలేదు, పడకపోవచ్చని పాయింటాయన ముందే చెప్పినాడు, అని. మా ఇంటాయన మెట్ల మీద నిలబడి అడిగాడు.

"ఊరికంతా చెప్పాల్నా?"

"ఊరికి కాదు. రేపు వేయబోయే వాళ్లకు."

ఆయన ఒక మెట్టు దిగి, వెనక్కి తిరిగి, "ఇంటిపేరు సరిగ్గా రాయి" అని దిగిపోయాడు.

పంపించాక చూస్తే, ఫోను ఏ వరసలో పెట్టిందో గానీ, నాది వాడు రాసిన దాని కిందే వచ్చింది. వాడి మాటల పక్కన గుండ్రంగా వాడి ఫోటో, తల దువ్వుకొని, కళ్లద్దాలు పెట్టుకొని, ఇప్పుడో ఇంకాసేపటికో నవ్వేటట్టు ఉన్నాడు. నా ఫోటో ఎప్పుడూ పెట్టలేదు కాబట్టి, దాని కింద ఒక పచ్చటి గుండ్రంలో నా పేరు మొదటి అక్షరం మాత్రం పెట్టింది ఫోను.